ఒక్క వెదురు చీల

ఇనుమూ కర్రా కలిసే చోటు చూస్తే పనివాడి సత్తా తెలుస్తుంది. రాయగడ జిల్లా బిసంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం సంత జరుగుతుంది. నియమగిరి దిగి వచ్చే డొంగ్రియా కంధుల భుజాల మీద గొడ్డళ్ళుంటాయి. గొడ్డలికి కన్నం ఉంటుంది, కర్ర అందులో దూరుతుంది. కత్తి సంగతి తలకిందులు. ఇక్కడ ఇనుమే కర్రలో దూరాలి. అలుగు వెనక ఉండే ఆ ఇనుపతోకని పిడిలో కదలకుండా ఎలా నిలబెట్టాలన్నది కత్తి చేసిన ప్రతి దేశానికీ ఎదురైన చిక్కే.

మన తల్వారుకి లోహపు పిడి ఉంటుంది. దాని బోలులో లక్క, గుగ్గిలం లాంటి ముద్ద కూరి, తోకని వేడిగా దింపేవారు. చల్లారాక ఇక కదలదు. ఊడదీయాలంటే మళ్ళీ పిడిని కాచాలి. యూరప్ కమ్మరులు తోకని పిడి చివరి దాకా పోనిచ్చి, బయటికి పొడుచుకొచ్చిన కొసని సుత్తితో కొట్టి అణిచేసేవారు. ఈ రెండు పద్ధతుల్లోనూ కత్తి ఒకసారి బిగిస్తే బిగించినట్టే. జపాన్ కమ్మరి దీనికి ఎదురు దారి పట్టాడు. కర్ర పిడికీ, అందులో దూరిన తోకకీ అడ్డంగా ఒకే కన్నం వేసి, అందులోకి చిటికెన వేలి కంటె సన్నని వెదురు చీల ఒకటి దింపాడు. దాన్ని మెకుగి అంటారు. చీల తీస్తే కత్తి మొత్తం ఏ ముక్కకి ఆ ముక్కగా విడిపోతుంది. చీల పెడితే యుద్ధానికి సిద్ధం.

రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ సైనిక ఖడ్గం చేతికొస్తే చాలామంది ఒరలోంచి సర్రున లాగి, అలుగు మెరుపు చూసి, పదును మీద బొటనవేలు పెడతారు. మూడూ చెయ్యకూడనివే. ఆ కత్తి ఏమిటో, ఎంతటిదో తెలియాలంటే ముందు చూడాల్సింది చీల వైపు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అదే. ఈ ఖడ్గంలో గొప్ప పనితనం అలుగు మెరుపులో కంటె ఎక్కువగా ముక్కలు ఒకదానితో ఒకటి అతికిన తీరులో ఉంది. చేతిపని కత్తికీ ఫ్యాక్టరీ కత్తికీ కూడా ఇది వర్తిస్తుంది.

ఆ యుద్ధం మన వైపుకి ఆకాశం మీదుగా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం రేవు మీదా, కాకినాడ తీరంలోని ఓడల మీదా బాంబులు వేశాయి. కోరాపుట్ ప్రాంతం పాత విశాఖ జిల్లా నుంచి విడిపోయి ఒడిశాలో కలిసి అప్పటికి ఆరేళ్ళు. ఆనాడు పేలకుండా మిగిలిపోయిన బాంబొకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఖడ్గాలు వచ్చిన దారి వేరు. 1945 సెప్టెంబరు 12న సింగపూర్‌లో జపాన్ సేనల లొంగుబాటు పత్రం మీద జనరల్ ఇతగాకి సంతకం పెట్టాడు. జపాన్ అధికారులు తమ కత్తుల్ని సైనికులందరి ఎదుటా అప్పగించాల్సిందేనని మిత్రరాజ్యాల సేనాధిపతి మౌంట్‌బాటెన్ పట్టుబట్టాడు. బర్మా, మలయా, సయాం, ఇండోచైనా, జావాల్లో ఆ కత్తులు అందుకున్న దళాల్లో ఎక్కువ భాగం భారత సైన్యానివే. ఇతగాకి పై అధికారి ఫీల్డ్ మార్షల్ తెరౌచి జబ్బుపడి సింగపూర్‌కి రాలేదు. ఆయన ఆ ఏడాది నవంబరు 30న సైగాన్‌లో మౌంట్‌బాటెన్‌కి స్వయంగా ఖడ్గాలు అప్పగించాడు. ఆ తర్వాత కె.ఎస్. తిమ్మయ్య నాయకత్వంలో 268వ భారత పదాతి బ్రిగేడ్ జపాన్ వెళ్ళి, షిమానే రాష్ట్రంలో మత్సుయే కేంద్రంగా కాపలా కాసింది. ఈ షిమానే పేరు గుర్తుంచుకోండి, ఉక్కు దగ్గర మళ్ళీ వస్తుంది.

ఖడ్గాన్ని తొడుగులతో ఉన్నప్పుడు బయటి నుంచి చూడ్డం మొదలుపెడదాం. 1876లో జపాన్ ప్రభుత్వం సమురాయ్‌లు నడుముకి కత్తి పెట్టుకోవడాన్ని నిషేధించింది. కొత్త సైన్యానికి యూరప్ తరహాలో, చేతిని కప్పే లోహపు కమ్మీతో సాబర్లు ఇచ్చింది. సైనికాధికారులు వాటితోనే రష్యా మీద యుద్ధం చేశారు. 1934లో మనసు మారింది. జాతీయాభిమానం ఉరకలేస్తున్న ఆ రోజుల్లో సైన్యం ఏడు వందల ఏళ్ళ నాటి కామకురా కాలపు తాచి ఖడ్గాన్ని నమూనాగా తీసుకుని కొత్త సైనిక ఖడ్గాన్ని రూపొందించింది. దీన్ని షిన్‌గుంతో అంటారు. జపాన్ రాజశకం ప్రకారం అది 2594వ సంవత్సరం, అందుకని టైప్ 94. 1938లో వచ్చింది టైప్ 98. ఈ రెంటికీ తేడా చూడగానే తెలుస్తుంది. 94 ఒరకి వేలాడదీసే ఉంగరాలు రెండుంటాయి, 98కి ఒకటే. నౌకాదళానికి వేరే ఉంది. 1937లో వచ్చిన కైగుంతోకి ఎక్కువగా నల్ల లక్కపూత ఒరా, రెండు ఉంగరాలూ ఉంటాయి.

టైప్ 98 పిడి పట్టుకుని చూడండి. కర్ర మీద టేకు చేప తోలు చుట్టి ఉంటుంది. తెల్లగా, బుడిపె బుడిపెలుగా, చెయ్యి జారనివ్వదు. దాని మీద గోధుమరంగు పట్టీని అటూ ఇటూ మెలితిప్పుతూ వజ్రాల ఆకారంలో ఖాళీలు మిగిలేలా అల్లుతారు. ఒక్కో మెలిక కింద చిన్న కాగితపు ముక్క మడిచి పెట్టడం పాత పద్ధతి. పట్టీ వంగకుండా, వజ్రాలన్నీ ఒకే కొలతలో నిలవడానికి అదే కారణం. మెలికలు ఒకదాని మీద ఒకటి ఎడమా కుడీ మారుతూ వచ్చాయా, అన్నీ ఒకే వైపు పడ్డాయా చూడండి. మారుతూ వస్తే చేసినవాడికి పని తెలుసు. యుద్ధం ముదిరిన కొద్దీ టేకు తోలు బదులు సెల్యులాయిడ్ వచ్చింది, కాగితాలు మాయమయ్యాయి. పట్టీ కింద మూడు చెర్రీ పూల చిన్న లోహపు బొమ్మ ఉంటుంది. పిడి కొసన ఉన్న టోపీ మీదా పూలే. త్సుబా అనే అడ్డపళ్ళెం అంచుల్లో కూడా పూలు పోతపోసి ఉంటాయి. మంచి పోతలో ఆ రేకుల నడుమ కేసరాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నకిలీలో అవి మైనం కరిగినట్టు ముద్దగా ఉంటాయి.

కొన్నిటికి పిడి టోపీ మీద పూల నడుమ చిన్న వెండి ముద్ర కనిపిస్తుంది. అది ఆ అధికారి వంశ చిహ్నం. అలాంటిది ఉంటే లోపల పాత కుటుంబ అలుగు ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. రుజువు మాత్రం కాదు. పిడికి కట్టే కుచ్చు రంగు హోదాని చెబుతుంది. నీలం కలిసిన గోధుమరంగైతే లెఫ్టినెంట్, కెప్టెన్ స్థాయి. ఎరుపూ గోధుమా అయితే మేజర్ నుంచి కల్నల్ దాకా. అందులో బంగారు దారం కూడా ఉంటే జనరల్. అయితే కుచ్చు ఎవరైనా మార్చగలరు. జనరల్ కుచ్చుతో వచ్చిన మామూలు కత్తులు లోకంలో ఎన్నో. కుచ్చుని చూసి ధర చెప్పేవాడి మాట వినకండి.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. అధికారులు తమ కత్తి తామే కొనుక్కోవాలి. కైకోషా అనే సైనికాధికారుల సంఘం దుకాణాల్లోనో, పట్నంలో అమ్మేవాళ్ళ దగ్గరో కొనేవారు. ఇంట్లో తాతల నాటి అలుగు ఉన్నవాడు దాన్నే సైనిక తొడుగుల్లో బిగించుకునేవాడు. కాబట్టి బయటికి ఒకేలా కనిపించే రెండు టైప్ 98 ఖడ్గాల్లో ఒకదాని లోపల 1943లో ఫ్యాక్టరీలో చేసిన అలుగు ఉండొచ్చు, రెండో దాని లోపల 17వ శతాబ్దిది ఉండొచ్చు. తొడుగు చూసి అలుగు ఏదో చెప్పలేం. చీల తియ్యాల్సిందే.

చీల ఒక వైపు లావు, ఒక వైపు సన్నం. సన్న వైపు నుంచి చిన్న కర్రో ఇత్తడి కడ్డీయో పెట్టి మెల్లగా తట్టాలి. తర్వాత కత్తిని మొన పైకి ఉండేలా కొంచెం ఏటవాలుగా ఎడమచేత్తో పిడి చివర పట్టుకుని, కుడి పిడికిలితో ఆ ఎడమ మణికట్టు మీద తేలికగా గుద్దితే అలుగు కొద్దికొద్దిగా పైకి వదులవుతుంది. బలవంతం పనికిరాదు. దశాబ్దాల పాటు పట్టిన తుప్పు పట్టుకుని ఉంటే ఆ రోజుకి ఆపెయ్యాలి.

విప్పాక ముక్కల్ని బల్ల మీద వరసగా పరిస్తే అసలు అందం అప్పుడు బయటపడుతుంది. అలుగు తోకగా మారే చోట రెండు పక్కలా చిన్న మెట్లుంటాయి. ఆ మెట్లకి ఆనుకుని రాగి పట్టీ ఒకటి, హబాకి, అలుగు చుట్టూ బిగుస్తుంది. దాని వెనక సెప్పాలనే పల్చని ఇత్తడి వాషర్లు, తర్వాత అడ్డపళ్ళెం, మళ్ళీ వాషర్లు, తర్వాత పిడి. ఒక వస్తువుని పొడిచినప్పుడు ఆ దెబ్బ అలుగు మెట్ల నుంచి హబాకికి, హబాకి నుంచి వాషర్లకి, వాటి నుంచి పళ్ళేనికి, పళ్ళెం నుంచి పిడి కర్రకి చేరుతుంది. నరికినప్పుడు బరువంతా తోకకి బిగుతుగా తొలిచిన కర్ర గూడు మోస్తుంది. వెదురు చీల మీద దెబ్బ పడదు. అలుగు ముందుకి జారిపోకుండా పట్టుకోవడమే దాని పని. అందుకే అంత చిన్న వెదురు సరిపోయింది. ఇనుప చీల అయితే తోకని అరగదీస్తుంది, తుప్పుపట్టి ఇరుక్కుంటుంది. వెదురు పగిలినా దాని నారలు ఒక్కసారిగా తెగవు. యుద్ధభూమిలో కొత్తది కావాలంటే చాకుతో చెక్కుకుంటే చాలు. బలం ఎక్కడ అవసరమో అక్కడ పెట్టి, అక్కర్లేని చోట పెట్టకపోవడాన్ని నేను పనితనం అంటాను.

ఆ వాషర్ల మీద చిన్న అంకెలు కొట్టి ఉంటాయి. ఒక్కో కత్తికి నాలుగు నుంచి ఎనిమిది దాకా వాషర్లు, వాటి మీదా పళ్ళెం మీదా ఒకే సంఖ్య. చాలా వాటికి పిడి లోహపు ముక్కల మీద కూడా. ముక్కలన్నీ ఒక కత్తికే అమర్చి రాకినవి, మరోదానికి సరిపోవు, అందుకే ఆ గుర్తు. సంఖ్యలన్నీ కలిస్తే ఈ కత్తి పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉందని అర్థం. ఒక్క వాషరు వేరే అంకెతో ఉంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు. యుద్ధకాలపు కత్తికి ఇంతకంటె గట్టి సాక్ష్యం అరుదు.

ఇక తోక. నకాగో అని పిలిచే ఈ భాగాన్ని కమ్మరి ఎప్పుడూ మెరుగు పెట్టడు. ఆకురాయితో గీతలు గీసి, తుప్పుకి వదిలేస్తాడు. ఆ తుప్పే కాలాన్ని లెక్కగడుతుంది. మూడు నాలుగు వందల ఏళ్ళ తోక నల్లటి చాక్లెట్ రంగులో, నున్నగా, ఆకురాతి గీతలు సగం చెరిగిపోయి ఉంటుంది. యుద్ధకాలపు తోక బూడిద గోధుమరంగులో ఉండి, ఆకురాతి గీతలు నిన్న గీసినంత స్పష్టంగా కనిపిస్తాయి. కన్నాలు లెక్కపెట్టండి. ఒకే కన్నం, అదీ డ్రిల్లు మిషనుతో వేసినట్టు గుండ్రంగా ఉంటే కొత్త అలుగు కావొచ్చు. రెండు మూడు కన్నాలుంటే, అందులో కొన్ని కొంచెం వంకరగా ఉంటే, ఆ అలుగుని తరతరాలుగా వేరువేరు పిడుల్లో అమర్చారు, బహుశా పొడుగు తగ్గించారు కూడా. సైనిక తొడుగుల్లోంచి ఇలాంటి తోక బయటపడితే ఇక మీ చేతులు కట్టుకుని, తెలిసినవాళ్ళని పిలవాలి.

తోక మీద ఒక పక్క కమ్మరి పేరు, రెండో పక్క తేదీ చెక్కి ఉండొచ్చు. తేదీ షోవా శకంలో ఉంటుంది. ఆ సంఖ్యకి 1925 కలిపితే మన సంవత్సరం. షోవా 18 అంటే 1943. అక్షరాలతో పాటు చిన్న ముద్రలు చూడాలి, ఎందుకంటే అసలు కథ వాటిలో ఉంది. గిఫు రాష్ట్రంలోని సెకి పట్నం ఏడు వందల ఏళ్ళుగా కత్తుల ఊరు, ఇవాళ ప్రపంచమంతటికీ వంటింటి చాకులు పంపుతోంది. యుద్ధంలో సైన్యానికి వెళ్ళిన అలుగుల్లో పెద్ద వాటా ఆ ఊరిదే. అక్కడ తనిఖీ అయిన వాటి తోక మీద ‘షో’ అనే అక్షరమో, ‘సెకి’ అనే అక్షరమో చిన్న ముద్రగా కొట్టి ఉంటుంది. ఈ ముద్ర ఉందంటే సాధారణంగా ఆ అలుగు పాత పద్ధతిలో చేసింది కాదు. మిల్లు ఉక్కుని కొట్టి, నూనెలో చల్లార్చింది. కమ్మరి పేరు ఎంత అందంగా చెక్కి ఉన్నా సరే. దీనికి ఎదురుగా ఐదు కొనల నక్షత్రం ముద్ర ఒకటుంది. సైన్యం ఎంపిక చేసిన కమ్మరి, సైన్యం ఇచ్చిన సంప్రదాయ ఉక్కుతో, పాత పద్ధతిలో చేశాడనడానికి అది గుర్తు. గోరంత నక్షత్రం కత్తి స్థాయినే మార్చేస్తుంది.

ఆ సంప్రదాయ ఉక్కు పేరు తమహగానే. దాని కోసమే షిమానే గుర్తుంచుకోమన్నాను. అక్కడి కొండల ఇనుపరజనునీ బొగ్గునీ మట్టి కొలిమిలో మూడు పగళ్ళూ మూడు రాత్రులూ కాల్చి, చివరికి కొలిమినే పగలగొట్టి ఉక్కు దిమ్మని బయటికి లాగుతారు. అందులో కొంత గట్టిది, కొంత మెత్తనిది, కొంత పనికిరానిది. కమ్మరి పగలగొట్టి ఏరుకుని, మడతపెట్టి కొట్టి, మళ్ళీ మడతపెట్టి పది పదిహేనుసార్లు ఏకం చేస్తాడు. మలినం బయటికి పోతుంది, కర్బనం అంతటా సర్దుకుంటుంది. మన తెలుగునేల మీద ఉక్కు దారి పూర్తిగా వేరు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఇనుముని మట్టి మూసల్లో పెట్టి, మూసి, కరిగించి ఉక్కు చేసేవారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఆ పనిని 19వ శతాబ్ది తొలినాళ్ళలో వోయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు చూసి రాసిపెట్టాడు. మన ఉక్కు మీద కనిపించే అలలు దిమ్మ చల్లారేటప్పుడే లోపల పుట్టినవి. జపాన్ అలుగు మీది చారలు మడతల వల్ల వచ్చినవి. ఒకటి మూసలో పుట్టింది, రెండోది సుత్తి కింద.

1933లో టోక్యోలోని యాసుకుని మందిరం ఆవరణలో సైన్యం పూనికతో ఒక కొలిమి పెట్టారు. షిమానేలో ఆగిపోయిన ఉక్కు కొలిమిని దీనికోసమే మళ్ళీ వెలిగించారు. 1945 దాకా ఆ మందిరం కమ్మరులు 8,000కి పైగా ఖడ్గాలు చేశారు. ఆ కొలిమే లేకపోతే తమహగానే చేసే విద్య అప్పుడే అంతరించేదని ఈ కళ తెలిసినవాళ్ళు చెబుతారు. ఆ మాట ఒప్పుకుంటూనే, ఒక విద్య బతకడానికి యుద్ధం కావాల్సి వచ్చిందన్నది నాకు మింగుడుపడదు.

ఇంకో దారి కూడా ఉంది, రైల్వే ఊరైన రాయగడ వాళ్ళకి ఇది నచ్చుతుంది. మంచూరియాలో జపాన్ నడిపిన దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ 1938 నుంచి దాలియన్‌లోని తన కార్ఖానాలో కత్తులు చేసింది. అక్కడి గడ్డకట్టే చలిలో మామూలు అలుగులు పెళుసెక్కి విరుగుతున్నాయని రైల్వే ఇంజనీర్లు కొత్త ఉపాయం పన్నారు. గట్టి ఉక్కు గొట్టంలోకి మెత్తని ఇనుముని దింపి, రెంటినీ కలిపి సాగగొట్టారు. వాటి తోక మీద ‘కోవా ఇష్షిన్’ అన్న నినాదం చెక్కి ఉంటుంది. కళాప్రియులు చాలాకాలం వీటిని చిన్నచూపు చూశారు. నా మటుకు నాకు అవి యుద్ధకాలపు అలుగుల్లో అతి తెలివైనవి.

అలుగు చేతిపనో కాదో ముద్ర లేకపోయినా పదునుగీత చెబుతుంది. దీన్ని హమోన్ అంటారు. అలుగుకి మట్టి పూస్తారు, వీపు మీద మందంగా, పదును వైపు పల్చగా. ఎర్రగా కాచి నీళ్ళలో ముంచితే పల్చగా పూసిన చోట ఒక్కసారిగా చల్లారి గాజంత గట్టిపడుతుంది. మందంగా పూసిన వీపు నెమ్మదిగా చల్లారి మెత్తగా మిగులుతుంది. గట్టిపడిన పదును వైపు కొద్దిగా వ్యాకోచిస్తుంది, దాంతో అలుగు వెనక్కి వంగుతుంది. కత్తికి ఆ వంపులో చాలాభాగం నీళ్ళలోనే వస్తుంది, సుత్తితో కాదు. గట్టి ఉక్కూ మెత్తని ఉక్కూ కలిసే సరిహద్దే ఆ తెల్లని గీత. దీపం వెలుగు వాలుగా పడేలా అలుగుని తిప్పుతూ చూస్తే నీటిలో చల్లారిన గీతలో మెరిసే గింజలు, వాటి వెనక పొగమంచు లాంటి తెలుపు కనిపిస్తాయి. నూనెలో చల్లార్చిన దానిలో గీత ఉంటుంది, గింజలుండవు. అలల శిఖరాల్లో నల్లటి చుక్కలు పడతాయి. ఆమ్లంతో గీసిన నకిలీ గీత అయితే ఎటు తిప్పినా ఒకేలా తెల్లగా, చదునుగా ఉండిపోతుంది, లోతు కనిపించదు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ గది చూసినవాళ్ళకి సమురాయ్ కత్తులు గుర్తుంటాయి. గాజు అవతల ఉన్న కత్తి పిడి విప్పి చూసే వీలు లేదు. సైనిక ఖడ్గంతో మనకి ఆ సౌకర్యం ఉంది. మ్యూజియం వస్తువు కానంత వరకూ దాన్ని విప్పి చదవొచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది అధికారుల కత్తుల గురించి. సార్జంట్ స్థాయి వాళ్ళకి ప్రభుత్వమే ఇచ్చిన టైప్ 95 గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ మెచ్చుకోరు. 1935లో వచ్చిన ఈ కత్తి పూర్తిగా మిషను పని. పిడిని మొదట రాగిలో, తర్వాత అల్యూమినియంలో పోతపోశారు. టేకు తోలు బుడిపెలు, పట్టీ మెలికలు, పట్టీ కింద దాగిన చిన్న బొమ్మ, అన్నీ ఆ పోతలోనే. దాని మీద రంగు పూసి, మెలికల్ని గోధుమరంగులో, తోలుని వేరే రంగులో తేల్చి చూపించారు. ఇది నకలే. కానీ ఆ నకలు చేసిన శిల్పి అసలు పిడిని ఎంత శ్రద్ధగా చూశాడో పోతలో ప్రతి మెలిక మీదా తెలుస్తుంది. ఇక్కడ వెదురు చీల లేదు, స్క్రూ ఉంది. అలుగుకి రెండు పక్కలా పొడవాటి గాడి ఉంటుంది, బరువు తగ్గి బిర్రు తగ్గకుండా. హబాకికి దగ్గరలో అలుగు మీద మామూలు అంకెల్లో నంబరు కొట్టి ఉంటుంది, అదే నంబరు ఒర మూతి దగ్గర కూడా. రెండూ కలవాలి. రంగు నిలిచిన, నంబర్లు కలిసిన టైప్ 95 దొరికితే, ముద్రపడిన మామూలు సెకి అధికారి కత్తి కంటె నేను దాన్నే పైన పెడతాను. అది తాను కానిదానిగా చెప్పుకోదు, తనకిచ్చిన పని చక్కగా చేస్తుంది. యుద్ధం చివర్లో అల్యూమినియం విమానాలకే చాలక, కర్ర పిడితో, నల్ల ఇనుప పళ్ళెంతో టైప్ 95 వచ్చింది. మోటుగా ఉంటుంది. దాన్ని చూస్తే 1945 జపాన్ ఏ స్థితిలో ఉందో కళ్ళకి కడుతుంది.

ఎక్కువగా నకలు చేసేది కూడా టైప్ 95నే. నంబర్లు వంకరగా, లోతు తేడాగా కొట్టి ఉంటే, గాడి మొన దాకా పోయి గజిబిజిగా ముగిస్తే, ఇత్తడి పసుపు మరీ కొత్తగా మెరుస్తుంటే, అలుగు చేతిలో చచ్చు బరువుగా వేలాడితే అనుమానించండి. నకిలీ అధికారి కత్తి తోకకి మందు పూసి నల్లబరుస్తారు. ఆ నలుపు కన్నం లోపలి అంచుల్లోకి కూడా ఒకే తీరుగా పాకి ఉంటుంది. నిజమైన తుప్పు అలా పాకదు.

పనితనాన్ని మెచ్చుకునే చోట ఈ కత్తులు ఏం చేశాయో దాటెయ్యడం తప్పు. నాన్‌జింగ్‌లో, మలయాలో, బర్మాలో ఖైదీల మెడల మీద పడినవి ఇవే తరహా ఖడ్గాలు. సయాం నుంచి బర్మాకి జపాన్ వేయించిన మృత్యురైలు మార్గంలో మలయా తోటల నుంచి లాక్కుపోయిన తమిళ కూలీలతో పాటు తెలుగు కూలీలు కూడా చచ్చిపోయారు. వాళ్ళని తోలిన సార్జంట్ల నడుముకి వేలాడింది టైప్ 95. దాని పోతపిడిని మెచ్చుకున్న నోటితోనే ఈ మాటా చెబుతున్నాను. రెండూ ఒక వస్తువు గురించే.

ఇంట్లో ఇలాంటి కత్తి ఉన్నవాళ్ళకి, మన వాతావరణం తెలిసినవాడిగా, కొన్ని జాగ్రత్తలు. కోరాపుట్ వానాకాలం నాలుగు నెలలూ పొగమంచులో నానుతుంది. ఒర లోపలి కర్ర ఉబ్బి తేమని పట్టి ఉంచుతుంది, తుప్పు అలుగు మీద అక్కడే మొదలవుతుంది. దసరా ఆయుధపూజనాడు జయపురం అయినా రాయగడ అయినా కత్తికి పసుపూ కుంకుమా పెట్టడం మన అలవాటు. జపాన్ అలుగుకి మాత్రం తడి పసుపు పెట్టకండి, వేలి చెమట తగిలినా మచ్చ పడుతుంది. బొట్టు ఒరకి పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు. చింతపండుతో ఇత్తడి ముక్కలు తోమితే యుద్ధకాలపు గిల్టు ఒక్క పూటలో పోతుంది. కొబ్బరినూనె కొన్నాళ్ళకి జిగురు కడుతుంది. కుట్టు మిషన్లకి వాడే తేలిక ఖనిజతైలం ఒక చుక్క మెత్తని గుడ్డ మీద వేసి పల్చగా రాస్తే చాలు. ఎమరీ కాగితం ముట్టుకోవద్దు. తోక మీద తుప్పుని ఏ పరిస్థితిలోనూ గోకవద్దు, నూనె కూడా రాయొద్దు. వీధి చివర సానపట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళారంటే పదునుగీత తిరిగిరాదు. ఒర ఉంగరానికి గుడ్డ పీలికో, చెక్క చీటీయో కట్టి ఉంటే దాన్ని విప్పొద్దు. లొంగిపోయిన అధికారులు తమ పేరూ దళమూ రాసి కట్టినవి అవి. అలాంటి చీటీతో వంశం దొరికి, కత్తి సొంతదారు పిల్లల చేతికి చేరిన సందర్భాలున్నాయి.

చట్టం మాటకొస్తే, మన దేశంలో ఖడ్గం 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. కొనే ముందో, బండిలో వేసుకుని జిల్లా దాటే ముందో ఠాణాలో అడిగి తెలుసుకోవడం మంచిది. 1972 నాటి పురావస్తువుల చట్టం వంద ఏళ్ళు నిండిన వస్తువుల్ని పురావస్తువుగా చూస్తుంది. 1943లో సెకిలో చేసిన అలుగు దాని కిందికి ఇంకా రాదు. అదే సైనిక తొడుగులో దాగిన పాత కుటుంబ అలుగు వస్తుంది. జపాన్‌లో చట్టం మరో వైపు నుంచి నడుస్తుంది. అక్కడ సంప్రదాయ పద్ధతిలో చేసి, కళావిలువ ఉన్న ఖడ్గాలకే నమోదు పత్రం ఇస్తారు. నక్షత్రం ముద్ర ఉన్న అలుగునీ, యాసుకుని అలుగునీ నమోదు చేయించవచ్చు. సెకి ముద్ర వేసిన అధికారి కత్తికీ, టైప్ 95కీ పత్రం పుట్టదు. అక్కడి రేవులో దింపితే నాశనం చేయిస్తారు. కాబట్టి వారసులకి పంపాలనుకునేవాళ్ళు పెట్టె కట్టే ముందే చీల తీసి, తోకకి రెండు వైపులా పగటి వెలుగులో ఫోటోలు తీసి, ముద్ర ఏదో తేల్చుకోవాలి.